ఒక ‘వి’ తక్కువ

ఓదెలు సారు గదువ కింద చెయ్యి పెట్టుకోమన్నడు.
ఏడో తరగతి మొత్తం, నలభై రెండు గదువలు,
పంటి డాక్టరు కాడ కూసున్నట్టు.
"మాట పలుకుండ్రి. గదువ ఎన్నిసార్లు కిందికి దిగితె
అన్ని ముక్కలు."

టమాట. మూడుసార్లు.
హాస్పిటల్. మూడుసార్లు.
స్కూల్. ఒక్కటే.
"ఇస్కూల్ అంటె రెండైతయి గద సార్"
అన్నడు వెనుక బెంచి గంగరాజం.
సారు నవ్వలే.
"ఆ ముందటి ఇ మనం పెట్టింది, వాళ్లది కాదు.
పలికేటప్పుడు ఉంచుకో, రాసేటప్పుడు తీసెయ్."

పొద్దుమీకి కోరుట్లల మా అరుగు మీద
అవ్వ తునికాకు కోస్తున్నది.
తడిపిన ఆకు, రేకు ముక్క, కత్తెర.
పక్కన కూసొని నేను బట్టర్‌ను కోస్తున్న.
జంటగ వస్తె నడుమల కొయ్యాలె,
ఇటొక టి, అటొక టి,
అన్నదమ్ములు మడి పంచుకున్నట్టు.
ప్రతి ముక్కల ఒక అచ్చు పలకాలె,
పలకకుంటె అది ముక్క గాదు, వట్టి సప్పుడు.

చేతులు ఆపకుంటనే అవ్వ అన్నది:
"ఆకుల గూడ గంతే బిడ్డా.
ఈనె చూసుకోకుంట కోస్తె చుట్టంగనే పలుగుతది,
సేటు ఏరి పారేస్తడు."
సారు చెప్పిన సూత్రాల కింద
అది గూడ రాసుకున్న, అయిదో నంబరేసి.
సారు దానికి ఎర్ర ఇంకుతోటి
ప్రశ్న గుర్తు పెట్టిండు.

నేను ఇంటర్ల ఉన్నప్పుడు
అవ్వ వేళ్లు ఇగ చుట్టయని మొండికేసినయి.
పీఎఫ్ పైసలకు కరీంనగర్ పోయినం.
కౌంటర్ల సారు రెండు కాగితాలు పక్కపక్కన పెట్టి
"ఆధార్ల గట్టవ్వ, ఇండ్ల గటవ.
ఈమె ఆమేనా?" అన్నడు.

ఒక టి లేదు. ఒక వి లేదు.
ఇరవై ఆరేండ్ల కింద ఎవరో గుమస్తా,
అన్నానికి లేసే యాళ్లయిందో ఏమో.

లైన్ల అందరి ముందట
గదువ కింద చెయ్యి పెట్టుకున్న.
గట్. టవ్. వ.
"చూడుండ్రి సార్, మూడుసార్లు దిగింది."
ఆయన గూడ, పాపం, చెయ్యి పెట్టుకున్నడు.
గ. ట. వ.
"గిదీ మూడే గదమ్మా."

ఓదెలు సారు ఈ సంగతి చెప్పలే.
గదువకు ఒత్తులు తెల్వయి.
అది దిగుడు లెక్క పెడుతది గని
నాలుక అంగిట్ల ఆనుకొని
ఒక్క రెప్పపాటు ఆగేది లెక్క పెట్టది.
మా అవ్వ ఆ ఆగిన కాడనే ఉన్నది.
దాన్ని ఏ కాగితం మీద చూపియ్యాలె?

అవ్వ కిటికీల తల పెట్టింది.
"రెండు తీర్లుగ పిలువుండ్రి సారూ,
దేనికి పలుకుతనో మీరే సూడుండ్రి."
లైను మొత్తం నవ్వింది.
ఆయన గూడ నవ్వి,
"అఫిడవిట్ తేండ్రి" అన్నడు.

జిరాక్సు దుకాణంల
ఆ మాట అచ్చయి బయటికొస్తుంటె చూసిన.
రెండు ఎఫ్‌లు.
ఎవ్వరూ రెండోదాన్ని పలుకరు, నోట్లెకు రానియ్యరు,
అయినా దాని జాగ దానికి భద్రం.
మా అవ్వయి నోరు నిండ పలుకుతరు,
వాడకట్టంత వినపడేటట్టు పిలుస్తరు,
రాసెటప్పుడే ఒకటి మింగిన్రు.
ఎవరి మీదనో తెల్వని కోపం.
పేజీకి పది రూపాయలు ఇచ్చిన.

జగిత్యాల దాటినంక బస్సుల
అవ్వ గదువ కింద చెయ్యి పెట్టుకొని
తనలో తనే అనుకుంటున్నది.
అ. ఫి. డ. విట్.
"నా పేరు కన్న ఒకటెక్కువున్నది" అన్నది.

ఒళ్లె ఉన్న కాగితం మీద
తన పేరు యాడున్నదో చూపియ్యమన్నది.
వేలు పట్టి చూపిచ్చిన.
ఎనుక నుంచి మొదలుపెట్టి తడిమింది,
రెండు వి ల కాడ ఆగింది.
"గివి తెరిచిన కత్తెర్ల లెక్కున్నయి.
ఒక కత్తెర ఇన్నేండ్లు
ఆళ్ల కాడనే ఉండిపాయె సూడు."